సగం కడుపు తీసేశాక ఎండోస్కోపీ: ఏ ప్రిపరేషన్ ఎవరికి సరిపోతుంది?

కడుపులో కొంత భాగం తీసేసిన వాళ్లకు ఎండోస్కోపీ రాసిచ్చినప్పుడు చీటీ మీద చాలాసార్లు ఒక్క ముక్కే ఉంటుంది: "పరగడుపున రావాలి." మామూలు కడుపు ఉన్నవాళ్లకు అది చాలు. ఆపరేషన్ అయినవాళ్లలో చాలామందికి చాలదు. రాత్రి ఎనిమిదికే తినడం ఆపేసి పొద్దున పదింటికి బల్ల మీద పడుకున్న మనిషి కడుపులో, నిన్న మధ్యాహ్నం తిన్న టమాటా తోలు చుట్టలు చుట్టుకుని, కరివేపాకు రెబ్బ గోడకు అతుక్కుని కనిపించడం మాకు కొత్త కాదు. నేను తిరుపతిలో ఎండోస్కోపీ గదిలో నర్సుగా పనిచేస్తాను. "రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదమ్మా" అని ఆ మనిషి చెప్పేది నిజమే. అయినా పరీక్ష సగంలో ఆగిపోతుంది. మళ్లీ ఇంకో రోజు, మళ్లీ బస్సు, మళ్లీ టెన్షన్.

ఈ కష్టం చాలావరకు తప్పించుకోవచ్చు. దానికి నాలుగైదు పద్ధతులున్నాయి. అందరికీ అన్నీ అక్కర్లేదు, కొన్ని కొందరికి ప్రమాదం కూడా. ఎవరికి ఏది నప్పుతుందో ఇక్కడ పోల్చి చెబుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఎన్ని గంటలు తినకుండా ఉన్నారన్న దానికంటే, ముందు రోజు పళ్లెంలో ఏముందన్నదే ఎక్కువ తేడా చూపిస్తుంది.

## ఉపవాసం ఉన్నా కడుపు ఎందుకు ఖాళీ కాదు

కడుపు కింది భాగాన్ని డాక్టర్లు యాంట్రమ్ అంటారు. తిన్నదాన్ని రోట్లో వేసి రుబ్బినట్టు రుబ్బేది అదే. ముక్కలు ఒకటి రెండు మిల్లీమీటర్ల సైజుకు వచ్చేదాకా పేగులోకి వదలదు. ఎంత రుబ్బినా నలగని తోలు, పీచు, గింజల్లాంటివి ఉంటాయి కదా, వాటిని కడుపు ఖాళీగా ఉన్నప్పుడు దాదాపు గంటన్నర, రెండు గంటలకోసారి వచ్చే బలమైన కదలిక కిందికి తోసేస్తుంది. సగం కడుపు తీసే ఆపరేషన్లలో ఎక్కువగా పోయేది ఈ కింది భాగమే. దాంతోపాటు కడుపును కదిలించే వేగస్ నరం కొమ్మలు కూడా చాలాసార్లు తెగుతాయి. ఇక రుబ్బే చోటూ ఉండదు, తోసే కదలికా సరిగ్గా రాదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఇలాంటి కడుపులోంచి నీళ్లు, పల్చటి ద్రవాలు గబగబా దిగిపోతాయి. కొందరికైతే మామూలు కంటే వేగంగా దిగి, తీపి నీళ్లు తాగిన పావుగంటకే గుండెదడ, చెమట, కళ్లు తిరగడం వస్తాయి. దీన్నే డంపింగ్ అంటారు. అదే మనిషిలో పీచు మాత్రం మర్నాటికీ కదలదు. అందుకే ఉపవాసం గంటలు పెంచుకుంటూ పోతే నీరసం పెరిగినంతగా కడుపు శుభ్రపడదు.

"ఉన్నదాన్ని మిషన్‌తో లాగేయొచ్చు కదా" అని చాలామంది అడుగుతారు. ఎండోస్కోపు గొట్టంలో లాగే దారి వెడల్పు సాధారణంగా 2.8 మిల్లీమీటర్లు. చెనిక్కాయ పలుకు కూడా అందులో పట్టదు. నీళ్లు కొట్టి పక్కకు జరపొచ్చు, మనిషిని ఇటూ అటూ దొర్లించి చూడొచ్చు. కానీ సరిగ్గా చూడాల్సిన చోటు, అంటే కడుపునూ పేగునూ కలిపి కుట్టిన అతుకు, దాని మీదే అన్నం మెతుకులు పరుచుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ చేయలేరు. మొదట్లోనే ఉన్న క్యాన్సర్ చిన్న రంగు తేడాగా, కొద్ది మిల్లీమీటర్ల గరుకుగా మాత్రమే కనిపిస్తుంది. ఒక్క ఆకు ముక్క చాలు దాన్ని దాచడానికి. పైగా మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకి వస్తుంది. మేము భయపడేది దీనికే.

## పద్ధతి ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు పాత ఎండోస్కోపీ రిపోర్టు తీయండి. మీ కడుపు ఎలా ప్రవర్తిస్తుందో అంతకంటే బాగా ఏదీ చెప్పదు. "ఫుడ్ రెసిడ్యూ" (మిగిలిపోయిన ఆహారం) అని గానీ, "పూర్తిగా చూడలేకపోయాం" అని గానీ రాసి ఉంటే, ఈసారి అదే ప్రిపరేషన్‌తో వెళ్లకూడదు. కొన్ని రిపోర్టుల్లో ఆర్‌జీబీ అని గ్రేడు ఉంటుంది. జపాన్ డాక్టర్లు తెచ్చిన లెక్క అది: మిగిలిపోయిన ఆహారం, కడుపు వాపు, పైత్యరసం, ఈ మూడింటికీ విడివిడిగా మార్కులు. ఆహారానికి 0 అంటే ఏమీ లేదు. 1 అంటే కొద్దిగా. 2 అంటే ఓ మోస్తరుగా ఉన్నా, మనిషిని దొర్లిస్తే మొత్తం చూడగలిగారు. 3 అంటే దొర్లించినా కొంత భాగం కనబడలేదు. 4 అంటే చూడటమే కుదరలేదు. మీ కాగితంలో 3 గానీ 4 గానీ ఉంటే దాన్ని డాక్టరు ముందు పెట్టి, ఈసారి గట్టి ప్రిపరేషన్ రాయమని అడగండి.

తర్వాత ఏ ఆపరేషన్ అయింది, ఎన్నాళ్లయింది అన్నది. మిగిలిన కడుపును పేగుకు ఎలా కలిపారో చెప్పే పేరు, బిల్రాత్ 1, బిల్రాత్ 2, రూ-ఆన్-వై అని డిశ్చార్జి సమ్మరీలో ఉంటుంది. ఆ కాగితం తప్పకుండా వెంట తీసుకురండి. లోపల దారి ఎటు తిరుగుతుందో డాక్టరుకు ముందే తెలిస్తే పరీక్ష త్వరగా, బాగా జరుగుతుంది. ఆపరేషన్ అయిన మొదటి నెలల్లో ఆహారం నిలిచిపోవడం ఎక్కువగా ఉంటుంది, తర్వాత చాలామందిలో కొంత తగ్గుతుంది. కడుపు మొత్తం తీసేసిన వాళ్ల సంగతి వేరు, ఈ వ్యాసం వాళ్లకు కాదు.

మన వైపు పెద్దవాళ్లలో చాలామందికి ఎప్పుడో కుర్రతనంలో "అల్సర్ ఆపరేషన్" అయి ఉంటుంది. కొందరికి కడుపు కొంత తీసి ఉంటారు, కొందరికి నరం కోసి, కడుపుకు పేగు అతికించి ఉంటారు. కాగితాలు ఎప్పుడో చెదలు పట్టి పోయి ఉంటాయి. కాగితం లేకపోయినా "ఇక్కడ కోత ఉంది, ఫలానా కాలంలో అయింది" అని చెప్పండి. రెండో రకం వాళ్లలో కడుపు తీయకపోయినా ఆహారం ఇలాగే నిలిచిపోతుంది. కడుపు తీసిన వాళ్లలో అల్సర్ కోసం చేసినా సరే, 15, 20 ఏళ్లు దాటాక మిగిలిన భాగంలో క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. "అది పాత సంగతిలే" అని దాచేస్తే ఎలా?

మిగతావి త్వరగా చెబుతాను. షుగరు ఉందా, ఎన్నేళ్ల నుంచి? పాత షుగరు కడుపు కదలికను ఇంకా మందగిస్తుంది. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, బరువుకూ షుగరుకూ ఇచ్చే సెమాగ్లుటైడ్, లిరాగ్లుటైడ్ లాంటి మందులు కూడా అంతే. కిడ్నీ, గుండె జబ్బులున్నాయా? మత్తుతో చేయించుకుంటారా, గొంతులో స్ప్రేతోనా? ఎంత దూరం నుంచి వస్తున్నారు?

## ఒక చూపులో

| పద్ధతి | పీచు, ఘనపదార్థం పోతుందా | శరీరానికి భారం | ఎవరికి సరి | ఎవరికి వద్దు |
|---|---|---|---|---|
| రాత్రి నుంచి ఉపవాసం మాత్రమే | చాలామందిలో కొంత మిగులుతుంది | తక్కువ | పాత రిపోర్టు శుభ్రంగా ఉన్నవాళ్లకు | ఇదివరకు ఆహారం మిగిలిన వాళ్లకు |
| ముందు రోజు పీచు లేని మెత్తటి తిండి, తర్వాత ఉపవాసం | బాగా తగ్గుతుంది | తక్కువ | దాదాపు అందరికీ | ఎవరికీ అభ్యంతరం లేదు |
| ఒకటి రెండు రోజులు ద్రవాలే | ఇంకా బాగా | ఆకలి, నీరసం, షుగరు హెచ్చుతగ్గులు | గ్రేడు 2, 3 వచ్చిన వాళ్లకు | బాగా చిక్కిపోయిన వాళ్లకు, ఇన్సులిన్ వాడుతూ డాక్టరును అడగని వాళ్లకు |
| కడుపు కదిలించే మందులు | తోడుగా ఉపయోగం | మందును బట్టి దుష్ఫలితాలు | డాక్టరు రాస్తే | పార్కిన్సన్స్, గుండె లయ తేడాలున్న వాళ్లకు |
| పీఈజీ పొడి (పేగు కడిగే మందు) కలిపిన నీళ్లు | బాగా పోతుంది | విరేచనాలు, రాత్రి నిద్ర ఉండదు | కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల చూసే పరీక్ష) కూడా ఉన్నవాళ్లకు, గ్రేడు 4 వాళ్లకు | పేగు అడ్డుపడ్డ అనుమానం ఉంటే, తీవ్ర గుండె, కిడ్నీ జబ్బుంటే |

## ఉపవాసం మాత్రమే

ఖర్చు లేదు, మందు లేదు. మామూలు వాళ్లకు ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలంటారు. కడుపు తీసిన వాళ్లకు కనీసం ముందు రాత్రి నుంచి, అంటే పన్నెండు గంటలకు తగ్గకుండా ఉండాలి. పోయినసారి రిపోర్టులో ఏమీ మిగల్లేదని ఉండి, షుగరు లేకుండా, ఆపరేషన్ అయి ఏళ్లు గడిచి, ఎప్పుడూ నిన్నటి తిండి వాంతి కాని వాళ్లు దీనితో నెట్టుకు రావచ్చు. అయినా వాళ్లకు కూడా నేను కింద చెప్పే రెండో పద్ధతినే చెబుతాను. దానివల్ల పోయేదేమీ లేదు కదా.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన దగ్గర శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు చాలామంది. ఏకాదశి ఉండేవాళ్లూ అంతే. "నిన్న ఎలాగూ ఒక్కపొద్దేనమ్మా, కడుపు ఖాళీగానే ఉంటుంది" అంటారు. ఏం తిన్నారని అడిగితే జామకాయ, కమలాపండు, ద్రాక్ష. అన్నం మానేసి పండ్లు తిన్న రోజు ఈ పరీక్షకు అన్నిటికంటే చెడ్డ రోజు. కమలా తొనల పొర, జామ గింజ, ద్రాక్ష తోలు కడుపులోంచి ఒక పట్టాన కదలవు. పీచు ఎక్కువ నిలిచిపోతూ ఉంటే అదంతా కలిసి గట్టి ముద్ద కూడా కడుతుంది. పరీక్ష ఆదివారమో సోమవారమో పడితే ఆ వారం ఒక్కపొద్దు మానండి, లేదా పల్చటి గంజి, మజ్జిగతో సరిపెట్టుకోండి.

## ముందు రోజు మెత్తటి తిండి

నన్ను అడిగితే ఎక్కువమందికి మొదటి ఎంపిక ఇదే. మందు లేదు, ప్రమాదం లేదు, ఇంట్లో ఆడవాళ్లకు అదనపు వంటా లేదు. మధ్యాహ్నంతో ఘనపదార్థం ఆపేసి, సాయంత్రం నుంచి పల్చటివి మాత్రమే తీసుకుని, డాక్టరు చెప్పిన గంటకు అవీ ఆపేయడం. అంతే పద్ధతి. పోయినసారి కొద్దిగా మిగిలిందని రాసి ఉంటే రెండు రోజుల ముందు నుంచే మొదలుపెట్టండి.

ఏం తినొచ్చు: తెల్లబియ్యంతో మెత్తగా వండిన అన్నం, అందులో మజ్జిగ. మెత్తటి ఇడ్లీ, చట్నీ లేకుండా. వడకట్టిన చారు, పప్పు తేట. తోలు తీసి బాగా ఉడికించి మెదిపిన ఉర్లగడ్డ. ఉడికించిన కోడిగుడ్డు, బాగా నమిలి. ఒకేసారి పళ్లెం నిండా కాకుండా కొంచెం కొంచెంగా ఐదారుసార్లు, ఆపరేషన్ తర్వాత మీకు అలవాటైనట్టే.

ఏం వద్దు: ఆ జాబితా మన వంటింటి నిండా ఉంటుంది. ముందుగా రాగిసంగటి. మిగతా రోజుల్లో సంగటి మంచిదే, నేను కాదనను, కానీ రాగుల పొట్టు ఆ ఒక్క రోజుకు పనికిరాదు. ఆకుకూరలన్నీ, గోంగూర, చింతచిగురు సహా. ములక్కాడ. చలికాలమైతే అనపగింజలు, పితికిపప్పు. పితికి తోలు తీసినా సరే, ఆ రోజు గింజ ఏదీ వద్దు. చెనిక్కాయలు, ఊరిబిండి, టెంకాయ చట్నీ. టమాటా ఏ రూపంలోనూ వద్దు, మేము ఎక్కువగా చూసేది దాని తోలే. మామిడి కాలంలో పండ్లు ఇంట్లో బుట్టలకొద్దీ ఉంటాయని తెలుసు. పీచున్న మామిడి రెండు రోజులు ఆగాలి. మాంసం ముక్కలు కూడా ఆపండి.

తిరగమోత సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. చారు చేశాక అందులో కరివేపాకు, కొత్తిమీర, మిరప ముక్కలు, ఆవాలు అలాగే ఉంటాయి. "చారే కదా తాగింది" అంటారు. మెత్తటి జల్లెడలో వడకట్టి పోయండి. ఆ ఒక్క పనితో మా పని సగం తగ్గుతుంది.

## ద్రవాలతోనే ఒకటి రెండు రోజులు

రెండో పద్ధతితో కూడా పోయినసారి కుదరని వాళ్లకు ఇది. వడకట్టిన గంజి, పల్చటి మజ్జిగ, పప్పు తేట, వడకట్టిన చికెన్ సూపు, టెంకాయ నీళ్లు. కడుపు బాగా శుభ్రపడుతుంది. కానీ ఆపరేషన్ తర్వాత ఇప్పటికే బరువు తగ్గి, బట్టలు వదులైపోయిన మనిషిని రెండు రోజులు గంజి మీద పెట్టడం చిన్న విషయం కాదు. బలహీనంగా ఉన్నవాళ్లకు ఒక రోజు ద్రవాలు, దానికి ముందు రోజు మెత్తటి తిండి అని డాక్టరు మధ్యస్తంగా చెప్పొచ్చు. అది అడగండి.

డంపింగ్ ఉన్నవాళ్లు గ్లూకోజ్ నీళ్లు, పండ్లరసం, చక్కెర ఎక్కువేసిన టీ గటగటా తాగకూడదు. ఉప్పు వేసిన గంజి, మజ్జిగ అరగ్లాసు చొప్పున కూర్చుని నిదానంగా తాగితే ఆ గుండెదడ రాదు. పాల విషయంలో జాగ్రత్త. కడుపు తీసిన తర్వాత చాలామందికి పాలు పడవు, పైగా ఉపవాసం లెక్కలో పాలు ఘనపదార్థం కిందికే వస్తాయి. పాలు కలిపిన టీ, కాఫీ కూడా అంతే. "టీ ఒక్కటే తాగాను" అని పొద్దున చెబితే పరీక్ష వెనక్కి పోతుంది.

షుగరు ఉన్నవాళ్లు ఈ పద్ధతిని సొంతంగా మొదలుపెట్టొద్దు. తిండి తగ్గించి, మాత్రలూ ఇన్సులినూ మామూలుగానే వేసుకుంటే షుగరు పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలైతే తినకుండా ఉన్నప్పుడు రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. ఇలాంటి వాటికి ముందు మూడు రోజుల నుంచి ఆపమనడం మామూలు. మీ మాత్రల పేర్లు చూపించి ఏది ఎప్పుడు ఆపాలో రాయించుకోండి.

పరీక్ష రోజు పొద్దున నీళ్లు తాగి కాసేపు నడవమని కొందరు డాక్టర్లు చెబుతారు. నీళ్లు త్వరగా దిగిపోతాయి, పోతూ పోతూ మెత్తటి మిగులును కొంత తీసుకుపోతాయి. మెత్తటి తిండి తిన్నవాళ్లకు ఇది మంచి తోడు, సంగటి తిన్నవాళ్లకు పెద్దగా పనికిరాదు. మంచినీళ్లు సాధారణంగా పరీక్షకు రెండు గంటల ముందు వరకు తాగనిస్తారు. కానీ కడుపు మందగించిన వాళ్లకు డాక్టరు వేరే గంట చెప్పొచ్చు. మీ చీటీ మీద ఉన్నదే పాటించండి.

## కడుపును కదిలించే మందులు

మెటోక్లోప్రమైడ్, డోంపెరిడోన్, ఇటోప్రైడ్, మోసాప్రైడ్ ఈ కోవలోవి. ఎరిత్రోమైసిన్ అనే పాత యాంటీబయాటిక్ కూడా కడుపును గట్టిగా కదిలిస్తుంది. మన ఒంట్లో మోటిలిన్ అనే హార్మోన్ చేసే పనినే అది చేస్తుంది. రక్తపు వాంతులతో వచ్చిన వాళ్లకు ఎండోస్కోపీకి ముందు సూది ద్వారా ఇచ్చి కడుపు ఖాళీ చేయించడం వాడుకలో ఉంది.

వీటిని నేను తోడు మందులుగానే చూస్తాను. ముందు రోజు ములక్కాడ సాంబారు తిని పొద్దున ఒక మాత్ర వేసుకుంటే కడుపు శుభ్రపడదు. చాలామంది గ్యాస్ మాత్ర పేరుతో డోంపెరిడోన్ కలిసిన క్యాప్సూల్ ఏళ్ల తరబడి వేసుకుంటూనే ఉంటారు, అయినా ఆహారం మిగులుతూనే ఉంటుంది.

దుష్ఫలితాలు మందుకో రకం. మెటోక్లోప్రమైడ్‌తో కొందరికి, ముఖ్యంగా వయసులో ఉన్నవాళ్లకు, మెడ, దవడ బిగుసుకుపోతాయి. ముసలివాళ్లకు వణుకు వస్తుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు అసలు వద్దు. డోంపెరిడోన్, ఎరిత్రోమైసిన్ గుండె లయ మీద పనిచేయగలవు. ఎరిత్రోమైసిన్‌కు కొన్ని కొలెస్టరాల్ మాత్రలతో పొసగదు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే మందులు కావివి.

నురగ పోవడానికి ఇచ్చే సిమెథికోన్ ద్రవం వేరు. అది బుడగలను తీస్తుంది, తిండిని తీయదు. గులాబి రంగు యాంటాసిడ్ సిరప్పులు, సుక్రల్ఫేట్ లాంటివి పరీక్ష రోజు తాగకండి. అవి గోడకు పూతలా అంటుకుని లోపల కనబడనివ్వవు.

## పీఈజీ ద్రావణం

కొలనోస్కోపీకి పేగు కడగడానికి ఇచ్చే పొడి ఇది. పై నుంచి కింది దాకా కడిగేస్తుంది కాబట్టి మిగిలిన కడుపూ బాగా శుభ్రపడుతుంది. ఎండోస్కోపీ ఒక్కటే అయితే చాలామందికి ఇంత అక్కర్లేదు. రెండు సందర్భాల్లో మాత్రం దీని గురించి అడగాలి. ఒకటి, పోయినసారి గ్రేడు 4 వచ్చి పరీక్షే ఆగిపోతే. రెండోది, రక్తం తగ్గిందని ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెండూ రాసినప్పుడు. కడుపు తీసిన వాళ్లకు ఐరన్, బీ12 సరిగ్గా ఒంటబట్టక రక్తం తగ్గడం మామూలే, కారణం వెతకడానికి రెండూ రాస్తారు. వీలైతే రెండూ ఒకే రోజు పెట్టించుకోండి. ఒక కడుగుడుతో రెండు పనులవుతాయి. ఐరన్ మాత్రలు వేసుకుంటూ ఉంటే చెప్పండి. కొలనోస్కోపీకి వారం ముందే ఆపమంటారు.

దీని కష్టాలు చిన్నవి కావు. లీటర్లకొద్దీ తాగాలి, చిన్న కడుపుకు అది కష్టం. గ్లాసు గ్లాసుకూ మధ్య విరామం ఇవ్వాలి. రాత్రంతా బాత్రూముకు తిరగాలి. పెద్దవాళ్లు చీకట్లో జారిపడతారు, లైటు వేసి ఉంచి పక్కన ఎవరో ఒకరు పడుకోండి. కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా కిందికి పోకపోతే ఇది తాగనే కూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

క్యాన్సర్ ఆపరేషన్ అయిన మొదటి ఏడాది వాళ్లు: రెండు రోజులు మెత్తటి తిండి, ముందు సాయంత్రం ద్రవాలు. బరువు తగ్గుతున్న కాలం కాబట్టి ద్రవాల మీద ఎక్కువ రోజులు ఉండొద్దు.

పాత అల్సర్ ఆపరేషన్ పెద్దలు: కడుపు ఎలా ఉందో ఎవరికీ తెలియదు. రెండు రోజుల మెత్తటి తిండి తినండి, మందుల జోలికి డాక్టరు చెబితేనే. రక్తం పల్చబడే మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. మామూలు ఎండోస్కోపీకి, చిన్న ముక్క తీసే పరీక్షకు చాలాసార్లు అవి ఆపక్కర్లేదు. అడిగి చేయండి.

షుగరు ఉన్నవాళ్లు: పొద్దున మొదటి నంబరు అడగండి. ఆలస్యమయ్యేకొద్దీ షుగరు పడిపోయే భయం. వణుకు, చెమట వచ్చి షుగరు 70 కంటే తగ్గితే దాచుకోకుండా సిస్టరుకు చెప్పండి. పరీక్ష ఆగినా ఫరవాలేదు.

పోయినసారి ఆగిపోయిన వాళ్లు: అప్పుడు చేసినదానికి ఒక మెట్టు పైది. ఉపవాసం మాత్రమే అయితే ఈసారి మెత్తటి తిండి, అదీ చేసి ఉంటే ద్రవాలు, తోడు మందు. మత్తు గురించి కూడా డాక్టరుతో మాట్లాడండి. ఆహారం మిగిలే మనిషికి గొంతు స్ప్రేతో, మెలకువలో చేయడమే క్షేమం. ఇబ్బందిగా ఉంటుంది నిజమే, కానీ దగ్గగలరు, ఎగదన్నినా ఊపిరితిత్తుల్లోకి పోకుండా కాపాడుకోగలరు.

రెండు రోజుల కిందట తిన్నది వాంతి అవుతున్నా, మలం నల్లగా తారులా పోతున్నా, మింగుడు పడకపోయినా ఈ పద్ధతుల్లో ఏది మేలని ఇంట్లో కూర్చుని ఆలోచించే సమయం కాదు. పరీక్ష తేదీ దాకా ఆగకుండా డాక్టరును కలవండి.

## దూరం నుంచి వచ్చేవాళ్లు

చిత్తూరు వైపు వాళ్లు కొందరు వేలూరు సీఎంసీ ఆసుపత్రికి, కొందరు ఇటు తిరుపతిలో స్విమ్స్‌కో రుయాకో వస్తారు. పలమనేరు వైపు నుంచి మొగిలి ఘాట్, మదనపల్లె వైపు నుంచి భాకరాపేట ఘాట్ పరగడుపున దిగితే కొందరికి బస్సులోనే తిప్పేస్తుంది. వీలైతే ముందు సాయంత్రమే వచ్చి ఉండటం మేలు. పీఈజీ తాగాల్సిన వాళ్లకైతే ఇది సలహా కాదు, తప్పనిసరి. బస్సులో ఆ పని జరగదు. బాత్రూము గదిలోనే ఉన్న లాడ్జి చూసుకోండి.

ముందు రోజు తిండి ఇంటి నుంచి డబ్బాలో తెచ్చుకోండి. హోటల్ పొంగలిలో మిరియాలు, జీడిపప్పు, కరివేపాకు ఉంటాయి, సాంబారులో ములక్కాడ ఉంటుంది. తిరుపతి దాకా వచ్చాం కదా, ముందు దర్శనం చేసుకుని మర్నాడు పరీక్షకు పోదాం అనుకునేవాళ్లు ఎక్కువ. ఆ కోరిక నాకు అర్థమవుతుంది. కానీ క్యూలో గంటలు నిలబడి నీరసించి, అన్నప్రసాదంలో కూర, సాంబారు తిని, సాయంత్రం లడ్డూ నోట్లో వేసుకుంటే ఆ కిస్‌మిస్ తోలు, జీడిపప్పు పలుకు మర్నాడు పొద్దున తెర మీద కనబడతాయి. పరీక్ష ముందు, దర్శనం తర్వాత పెట్టుకోండి. ప్రసాదం ఎవరైనా ఇస్తే కళ్లకద్దుకుని దాచి, పరీక్ష అయ్యాక గొంతు మొద్దుబారడం పోయిన తర్వాత తినండి. మత్తు తీసుకుంటే ఆ రోజు స్కూటరు నడపకూడదు, కొండకు కూడా మర్నాడే.

## పరీక్ష రోజు

బీపీ మాత్ర ఒక గుక్క నీళ్లతో వేసుకోవచ్చు, మీ డాక్టరు వద్దంటే తప్ప. గదిలోకి రాగానే మూడు సంగతులు చెప్పండి: కడుపు ఆపరేషన్ అయిందని, నిన్న చివరిగా ఏం, ఎన్ని గంటలకు తిన్నారో, పోయినసారి ఆహారం మిగిలిందా లేదా. తప్పు తిండి తిని ఉంటే అదీ చెప్పండి. మేము తిట్టం. తెలిస్తే మత్తు తగ్గిస్తాం, ఎడమ పక్కకు తిప్పి తల ఎత్తి పెడతాం, పీల్చే గొట్టం సిద్ధంగా ఉంచుకుంటాం.

ఇన్ని చేసినా కొందరిలో ఆహారం మిగిలే ఉంటుంది. అది మీ లోపం కాదు. అప్పుడు ఏ భాగం కనబడింది, ఏది కనబడలేదు, మిగిలిన ఆహారం ఏ గ్రేడు అన్నది రిపోర్టులో రాయమని అడగండి, ముఖ్యంగా అతుకు కనబడిందా లేదా అన్నది. మళ్లీ రావాల్సిన తేదీతోపాటు ఈసారి ఏ రోజు నుంచి ఏం తినాలో కూడా చీటీ మీద రాయించుకునే వెళ్లండి.